మొఖోట్లాంగ్‌లో కాలిన ఇన్వర్టర్, నా తప్పు లెక్క

నా దగ్గర సోలార్ పెట్టించుకున్న అన్నలకు, అక్కలకు నమస్కారం.

జులైలో మొఖోట్లాంగ్ అవతల ఒక షాపులో నేను బిగించిన సోలార్ ఇన్వర్టర్ (ప్యానెల్స్ నుంచి వచ్చే కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె) కాలిపోయిందని మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. చుట్టూ దక్షిణాఫ్రికా ఉన్న ఈ లెసోతో మొత్తం మీద మన తెలుగువాళ్ళం ఉన్నదే గుప్పెడు మంది. ఒకరింట్లో పాలు పొంగితే ఇంకొకరింటికి మాడు వాసన వస్తుంది. పిడుగు పడిందని కొందరు, సరుకు నాసిదని కొందరు అంటున్నారట. రెండూ కాదు. లెక్క నేనే తప్పు వేశాను.

ఫోన్ వచ్చింది పొద్దున ఎనిమిదింటికి. జులై అంటే ఇక్కడ నడి చలికాలం. మంచు పడి మోటెంగ్ కనుమ దగ్గర రోడ్డు మూసేయడంతో నేను, మా టెక్నీషియన్ దారిలోని బుతా-బుతే ఊళ్ళోనే ఒక రాత్రి ఆగిపోయాం. మర్నాడు చేరేసరికి షాపు ముందు దుప్పట్లు కప్పుకున్న పది పదిహేను మంది ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. కరెంటు తీగ రాని ఊరది. అందరి ఫోన్లూ ఛార్జింగ్ అయ్యేది ఆ షాపులోనే. ఓనరన్న ఫ్రీజర్‌లోని కోడిమాంసం ప్యాకెట్లన్నీ తెచ్చి వెనక పెరట్లో మంచులో పాతిపెట్టాడు. ఒక్కటీ పాడవలేదు. ఆ రోజు మేం నవ్వుకున్నది ఆ ఒక్కదానికే.

ఇన్వర్టర్ మూత తీయగానే మాడు వాసన. లోపల కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి.

సంగతి ఇది. అక్కడ పది ప్యానెల్స్‌ని వరసగా ఒకే స్ట్రింగులో కలిపాను. లోడు లేనప్పుడు ఒక్కో ప్యానెల్ ఇచ్చేది 49.5 వోల్టులు, పదికి 495. ఇన్వర్టర్ తట్టుకునేది 500. సరిపోయింది అనుకున్నాను. కానీ ఆ 49.5 అన్నది 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. ప్యానెల్ ఎంత చల్లబడితే వోల్టేజీ అంత పెరుగుతుంది, డిగ్రీకి ఇంచుమించు 0.28 శాతం. ఆ తెల్లవారుజామున అక్కడ మైనస్ 12. అంటే 37 డిగ్రీల తేడా, పది శాతం పైనే. సూర్యుడు కొండ మీదికి వచ్చిన మొదటి నిమిషాల్లో 546 దాకా వెళ్ళి ఉంటుంది. గడ్డకట్టిన ప్యానెల్ వేడెక్కేలోపే పని అయిపోయింది.

ఇది నాకు తెలియని విషయమేమీ కాదు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ నేను పని నేర్చుకున్నది కర్నూలు జిల్లాలోని వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో. మే నెలలో అక్కడ ప్యానెల్ మీద చెయ్యి పెడితే అట్టు కాలినట్టు కాలుతుంది. మా బాధంతా ఎండకి వోల్టేజీ పడిపోతుందనే. చలి గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఎత్తు 1,000 మీటర్ల కంటే ఎక్కడా తగ్గని దేశం ప్రపంచంలో లెసోతో ఒక్కటే. ఇక్కడికొచ్చి ప్యానెల్స్‌ని ఉత్తరం వైపు తిప్పడం మాత్రం గుర్తుపెట్టుకున్నాను. మొదటిసారి వీడియో కాల్‌లో చూపిస్తే మా నాన్న, ‘వెనక్కి తిప్పి బిగించావేందిరా?’ అన్నాడు. సూర్యుడు ఏ వైపు ఉంటాడో చూసుకున్నాను గానీ, చలి లెక్క మర్చిపోయాను.

కంపెనీ వారంటీ ఇవ్వలేదు. 500 దాటితే వర్తించదని మాన్యువల్‌లో రాసే ఉంది, వాళ్ళతో పోట్లాడటానికి ఏమీ లేదు. దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్ వెళ్ళి నా ఖర్చుతో కొత్తది తెచ్చి పెట్టాను.

నా ఖర్చు అన్నాను కదా, అది పూర్తిగా నిజం కాదు. మీలో ఇద్దరు ఆగస్టు పనికని ఇచ్చిన అడ్వాన్సు అందులో పడింది. ముందు మీకు చెప్పి చేయాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. ఆ ఇద్దరితో విడిగా మాట్లాడాను. మిగతావాళ్ళకి కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. డబ్బు వెనక్కి కావాలంటే సెప్టెంబరు నెలాఖరుకి ఇస్తాను. పనే కావాలంటే అక్టోబరులో మొదలుపెడతాను.

ఇలాగే పదేసి ప్యానెల్స్ స్ట్రింగు ఉన్నవి ఇంకో ఏడు చోట్ల ఉన్నాయి. అన్నిచోట్లా ఒకటి తీసేసి తొమ్మిది చేస్తాను. అప్పుడు మైనస్ 12 చలిలో కూడా 492 దగ్గర ఆగుతుంది. తీసిన ప్యానెల్ డబ్బు మీకు వెనక్కి ఇస్తాను. నేను వచ్చేదాకా ఒక పని చేయండి: రాత్రి పడుకునే ముందు గోడ మీద ప్యానెల్స్ వైపు ఉన్న డీసీ స్విచ్ ఆపేయండి, ఎండ బాగా పడి ప్యానెల్స్ వేడెక్కాక, పది గంటలకి వేయండి. రాజధాని మసేరులో ఉన్నవాళ్ళు కూడా. అక్కడ చలి కొండల్లో ఉన్నంత కాకపోయినా మైనస్‌లోకి వెళ్తూనే ఉంది.

లిథియం బ్యాటరీల మీద కూడా ఫోన్లు వస్తున్నాయి, పొద్దున ఛార్జింగ్ ఎక్కడం లేదని. అది పాడవడం కాదు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే సెల్ లోపల దెబ్బతింటుంది కాబట్టి దానిలోని సర్క్యూటే అడ్డుకుంటుంది. బయటి రేకుల షెడ్డులోంచి తీసి ఇంట్లోకి మార్చుకోవాలి. మీరు తీయకండి, నేనొస్తాను. అమ్మినప్పుడే చెప్పి ఉంటే ఈ ఫోన్లు ఉండేవి కావు, అది వేరే విషయం.

వ్యాపారం సంగతి అడిగినవాళ్ళకి: బాగా తగ్గింది. 2023లో దక్షిణాఫ్రికా కరెంటు కోతలు చూసి మనమంతా టెన్షన్ పడి సోలార్ కొన్నాం. 2024 మార్చి తర్వాత ఆ కోతలు చాలా తగ్గాయి. మాఫెటెంగ్ జిల్లాలో ప్రభుత్వ సోలార్ ప్లాంటు మొదటి దశ 30 మెగావాట్లు కూడా వచ్చింది. అది వచ్చింది కదా, ఇక కరెంటు పోదా అని ఒక అక్క అడిగింది. చలికాలం సాయంత్రం అందరూ హీటర్లు వేసేసరికి సూర్యుడు ఉండడు అక్కా, అప్పుడు మువేలా జలవిద్యుత్తే దిక్కు. అది 72 మెగావాట్లు, దేశానికి చాలదు, మిగతాది బయటి నుంచి కొనాల్సిందే. అయినా సరే, మసేరు టౌన్‌లో ఉండి నెలకి ఒకటి రెండు సార్లు మాత్రమే కరెంటు పోతుంటే పెద్ద బ్యాటరీ కొనకండి. లైట్లకీ వైఫైకీ చిన్నది చాలు. నా బేరం నేనే పోగొట్టుకుంటున్నానని మా ఆవిడ తిట్టింది.

కొండ ఊళ్ళలో మాత్రం అవసరం ఏమీ తగ్గలేదు. డీజిల్ పోసి జనరేటర్ నడిపే షాపువాళ్ళకి ఎండ ఖర్చులేని సరుకు. చలికాలంలో మబ్బులు తక్కువ, ప్యానెల్ చల్లగా ఉంటే ఉత్పత్తి కూడా ఎక్కువే. అదే చలి నా కొంప ముంచింది.

వచ్చే సోమవారం సెమొంకాంగ్ వైపు రెండు చోట్లకి, గురువారం తబా-ట్సెకాకి వస్తున్నాను. సెమొంకాంగ్‌లో పోయినసారి గేటు తాళం పక్కింటి న్తాతె (ఇక్కడి భాషలో పెద్దాయన) దగ్గర ఉండిపోయి రెండు గంటలు మంచులో నిలబడ్డాం. ఈసారి తాళం ఎవరి దగ్గర ఉందో ఆదివారం లోపు వాట్సాప్‌లో చెప్పండి.