కలివి కోడికి కూత వినిపించకండి, మట్టి పరచండి

సంపాదకుడికి,

కలివి కోడి అనే అరుదైన పక్షి పేరు పత్రికల్లో వచ్చిన ప్రతిసారీ లంకమల కొండల అంచు పల్లెల్లో కెమెరా కార్ల సందడి మొదలవుతుంది. వచ్చేవాళ్లను రావద్దనడం నా ఉద్దేశం కాదు. కడప జిల్లాకు ఇంత దూరం వచ్చి ముళ్లపొదలు చూసేవాళ్లు ఉన్నారంటే సంతోషమే. పొద్దుగుంకాక ఫోనుకు స్పీకరు తగిలించి, ఆ పక్షి కూతను పదేపదే వినిపిస్తూ పొదల్లోకి టార్చి కొట్టే పద్ధతి మీదే నా అభ్యంతరం.

అది రాత్రిపూట తిరిగే పక్షి. సూర్యాస్తమయమైన ముప్పావు గంటకు అటూ ఇటుగా కొద్ది నిమిషాలే కూస్తుంది. స్పీకరులో కూత వినిపిస్తే, తన తావులోకి మరొకటి చొరబడిందని మేత వదిలి వెతుక్కుంటూ వస్తుంది, లేదా బెదిరి పోతుంది. వచ్చిన ప్రతి బృందమూ ఇదే పని చేస్తే అది చెదపురుగులు ఏరుకు తినేదెప్పుడు? పరిశోధకులూ కూత వినిపించారు కదా అని ఒకాయన నాతో వాదించారు. నిజమే, వినిపించారు. అనుమతి తీసుకుని, ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని రాసుకుంటూ వినిపించారు. ఫొటో కోసం కాదు.

అసలు ఆ పరిశోధకులే అంతకంటే నెమ్మదైన దారి ఒకటి చూపించారు. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, సాయంత్రం చదును చేసి వచ్చేవారు. తెల్లవారాక, మేకల మంద దాటకముందే వెళ్లి చూసేవారు. రాత్రి అటుగా వెళ్లినవన్నీ ఆ మట్టి మీద సంతకం పెట్టి ఉంటాయి. కుందేలు గెంతిన చోటు, పురుగు ఈడ్చుకుపోయిన సన్నటి గీత, కౌజు పిట్ట అడుగు. కలివి కోడికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. కౌజు అడుగులో వెనక వేలి గుర్తు పడుతుంది. మిగతా పిట్టల అడుగులతో పోల్చడానికి కొలతలు తీసుకోవాలి. పక్షిని చూడకుండానే, దాని నిద్రా మేతా చెడగొట్టకుండానే అది ఉందని తెలుసుకునే ఉపాయం ఇది. తెలుగుగంగ కాలువను ఈ పక్షి తావుల గుండా కాకుండా దారి మళ్లించగలిగారంటే, అది ఎక్కడెక్కడ తిరుగుతుందో ఓపిగ్గా రాసిపెట్టినవాళ్లు ఉండబట్టే.

ఈ పని పల్లెవాళ్లకు అప్పగించాలని నా కోరిక. 1848లో శాస్త్రవేత్తలు వర్ణించిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న పక్షి, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర దొరికింది. రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నది ఒక స్థానికుడే. రెండేళ్లకు లంకమలలో అభయారణ్యం వచ్చింది. ఆ పొదల్లో రోజంతా తిరిగే గొర్రెల కాపరులకు మాత్రం ఇప్పటికీ వాళ్లు చూసింది రాసుకోవడానికి ఒక పుస్తకమైనా లేదు.

అటవీ శాఖ ఊరికి నలుగురు యువకులకు అడుగులు గుర్తుపట్టడం నేర్పి, రోజు కూలి ఇచ్చి, ఈ మట్టి పట్టీలు వేయించవచ్చు. అభయారణ్యం హద్దు దాటాక ఉన్న బీళ్లలోనూ వేయించాలి. గీత అవతల పొదలూ అలాంటివే. చిట్టడవి చిక్కబడినా, మొత్తం నరికేసినా ఈ పక్షికి పనికిరాదు కనుక, ఎక్కడ పొదలు కొడుతున్నారో, ఎక్కడ పశువుల మేత ఆగి పొదలు కమ్ముకుపోతున్నాయో కూడా ఆ పుస్తకంలోనే రాయించాలి. ‘ఈ రోజు ఏ గుర్తూ లేదు’ అనే పుటలు ఎక్కువే ఉంటాయి. వాటినీ దాచాలి. బయటినుంచి వచ్చే ఔత్సాహికులకు నిజంగా ఆసక్తి ఉంటే, అనుమతి తీసుకుని ఈ కుర్రాళ్లతోపాటు తెల్లవారుజామున మట్టి చూడటానికి వెళ్లవచ్చు. అలా వచ్చేవాళ్లు ఎందరుంటారో నాకు అనుమానమే అనుకోండి.

ఒక విన్నపం మీ పత్రికకు కూడా. ఈ పక్షి ఫలానా పొదల దగ్గర వినిపించిందని ఊరి పేరుతో సహా వేయకండి. జిల్లా పేరు చాలు. రాత్రిపూట అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లి తీసిన ఫొటో ఎంత బాగున్నా అచ్చు వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బద్వేలు, కడప జిల్లా