ట్రక్కుకి వించ్ బిగించే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది కోనసీమ. నేనూ మా తమ్ముడూ సొంత పొలం చేసుకుంటూ పవర్ టిల్లర్‌ని అద్దెకి తిప్పుతాం. సార్వా (వానాకాలం వరి) దమ్ములు మొదలైతే రోజుకి రెండు మూడు ఊళ్లు తిరగాలి, వెళ్లిన ప్రతిచోటా టిల్లర్‌ని ట్రాక్టర్ ట్రక్కు మీంచి దించాలి, మళ్లీ ఎక్కించాలి. నాలుగు వందల కిలోల పైమాటే, దానికి తోడు ఇనప చక్రాల నిండా బురద. ఇదివరకు నలుగురు పట్టి తోసేవాళ్లం. ఇప్పుడు ఆ నలుగురు దొరకడం లేదు. అందుకే మా చుట్టుపక్కల చాలామంది ట్రక్కు ముందు వైపు వించ్, అంటే తాడుని డ్రమ్ముకి చుట్టుకుంటూ బరువుని లాగే చిన్న బ్యాటరీ మోటారు, పెట్టించుకుంటున్నారు. మేమూ పెట్టించాం. కిందటి సార్వాలో అది ఊడొచ్చి మా తమ్ముడి చీలమండ విరిగింది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని రాస్తున్నా, దయచేసి వెయ్యండి.

ఆ రోజు బల్లలు ఆనించి, కొక్కెం తగిలించి స్విచ్ నొక్కాను. టిల్లర్ పైదాకా వచ్చాక ఇనప చక్రం పళ్లు ట్రక్కు అంచుని పట్టేశాయి. మోటారు మూలుగుతోంది, ఇంకొంచెం లాగితే వచ్చేస్తుందిలే అని నేను వేలు తియ్యలేదు. అంతే, వించ్ కింద రేకు పైకి లేచింది, బోల్టులు రేకుని చీల్చుకుని వచ్చేశాయి, టిల్లర్ వెనక్కి జారింది. వెనకాల హ్యాండిల్ పట్టుకుని ఉన్నది తమ్ముడు.

బోల్టులు నాసిరకమని మొదట అందరి మీదా కోప్పడ్డాను. తర్వాత బోట్లకి వించ్‌లు బిగించే ఒక పెద్ద మెకానిక్‌ని కాకినాడ వెళ్లి అడిగితే అసలు సంగతి తెలిసింది. ట్రక్కు మూడడుగుల ఎత్తు, మా బల్ల ఆరడుగులు. ఆ వాలులో టిల్లర్ బరువులో సగం తాడు మీద పడుతుంది, అంటే రెండొందల కిలోల చిల్లర. అంత మాత్రం మా రేకు తట్టుకునేదే, అంతకు ముందు ఎన్నోసార్లు తట్టుకుంది కూడా. కానీ చక్రం ఇరుక్కుపోతే వించ్‌కి ఆ సంగతి తెలియదు కదా, తన బలమంతా పెట్టి లాగుతూనే ఉంటుంది. మాది రెండువేల పౌండ్లది, అంటే తొమ్మిది వందల కిలోల దాకా. ఆ లాగుడంతా నాలుగు బోల్టుల మీద, వాటి కింద ఉన్న పల్చటి రేకు మీద పడింది. అందుకని బిగింపు టిల్లర్ బరువుని చూసి చెయ్యకూడదు, వించ్ ఎంత లాగగలదో దాన్ని చూసి చెయ్యాలి. ఈ ఒక్క ముక్క అమ్మిన షాపులో చెప్పలేదు, బిగించిన వెల్డింగ్ షాపులోనూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఇప్పుడు మళ్లీ చేయించుకున్నాం. ట్రక్కు అడుగున ఉన్న రెండు ఛానళ్లకి (ఇనప దూలాలకి) అడ్డంగా ఇంకో ఛానల్ వెల్డింగ్ చేయించి, దాని మీద దళసరి ఇనప పలక పెట్టి, తల మీద 8.8 అని అచ్చు ఉన్న గట్టి రకం బోల్టులతో బిగించాం. లాగేటప్పుడు వించ్ తాడు వైపుకి ఒరగాలని చూస్తుంది, తాడుకి అవతలి వైపు బోల్టులే ఎక్కువ పట్టుకోవాలి, అందుకని రేకు మీద మాత్రం ఎవరూ బిగించవద్దు, కింద ఎన్ని వాషర్లు వేసినా సరే. బల్లలు కూడా పన్నెండడుగులవి చేయించాం. ఇప్పుడు తాడు మీద పడేది పాతదాంట్లో సగమే.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మేము తప్పు చేసిన రెండో చోటు అదే. ట్రాక్టర్ హెడ్‌లైట్లు రెండూ కలిపి పది ఆంపియర్లు తీసుకుంటే ఈ చిన్న వించ్ గట్టిగా లాగేటప్పుడు నూరు దాటుతుంది. మేము ట్రాక్టర్ బ్యాటరీ నుంచి ఇంటి వైరింగ్‌కి వాడే నాలుగు చదరపు ఎంఎం వైరు లాగాం. పోనూ రానూ పన్నెండు మీటర్లు అనుకుంటే నూరు ఆంపియర్ల దగ్గర ఆ వైరులోనే అయిదు వోల్టుల పైన పోతుంది, మోటారుకి చేరేది ఆరో ఏడో. మోటారు మూలగడం, వైరు మీద తొడుగు మెత్తబడి వాసన రావడం అందుకే. ఇరవై అయిదు చదరపు ఎంఎం రాగి వైరు వేస్తే ఒక వోల్టు కూడా పోదు. ఎర్త్ (కరెంటు తిరిగొచ్చే దారి) కోసం ట్రక్కు హుక్కునీ పిన్నునీ నమ్ముకోకుండా నెగటివ్‌కి కూడా అదే వైరు విడిగా లాగాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, చేతికందే చోట కట్-ఆఫ్ స్విచ్ ఉండాలి. ఖర్చే, కాదనను, మా ఆసుపత్రి ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

ఇంకోటి చాలామందికి తెలియదు. డబ్బా మీద రాసే బలం డ్రమ్ము మీద మొదటి చుట్టు పొరకే. తాడు పొర మీద పొర పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది, నాలుగో పొరకి మూడో వంతు దాకా పోతుంది. ట్రక్కు మీదకి ఎక్కించడానికి మనం వదిలేది పదిహేను ఇరవై అడుగులే కాబట్టి ఎప్పుడూ పై పొరల మీదే లాగుతుంటాం. బలం చాలకపోతే ఒక కప్పీ వేసి తాడుని మడిచి లాగితే సరి, రెట్టింపు లాగుతుంది, నెమ్మదిగా. అలాగని తాడు మొత్తం వదలకూడదు, డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగలాలి. లాగేటప్పుడు తాడు మీద తడి గోనెసంచి వెయ్యండి, తెగినా అంత దూరం ఎగరదు. చేతులకి గ్లౌజులు వేసుకోవాలి. ట్రక్కు చక్రాలకి అడ్డు పెట్టాలి, ట్రాక్టర్‌కి తగిలించకుండా అసలు లాగకూడదు, రెండు చక్రాల ట్రక్కయితే బరువు వెనక పడగానే ముందు భాగం లేచిపోతుంది. టిల్లర్ వెనకాల ఎవరూ నిలబడకూడదు. హ్యాండిల్ పట్టుకోవాల్సి వస్తే పక్కనుంచి పట్టుకోండి.

వ్యవసాయ శాఖ వాళ్లని, ఐటీఐల వాళ్లని నేను కోరేది పెద్దదేం కాదు. యంత్రాలు అద్దెకిచ్చే చోట్ల ఒక్క పూట ఇది చేసి చూపించండి. వెల్డింగ్ షాపుల వాళ్లనీ పిలవండి, బిగించేది వాళ్లే. వించ్‌తో పాటు వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఒక పేజీ తెలుగులో అచ్చు వేసి డబ్బాలో పెడితే అమ్మేవాళ్లకి పోయేదేం లేదు. మీ వ్యవసాయం పేజీలో బిగింపు బొమ్మ ఒకటి వేస్తే, మా ట్రక్కుది కొలతలతో గీసి పంపడానికి నేను సిద్ధం. తమ్ముడు ఇప్పుడు నడుస్తున్నాడు, గట్టు మీద మాత్రం ఇంకా కర్ర కావాలి.

— పవర్ టిల్లర్ రైతు, కోనసీమ