రిటైరైన ఆర్మీ కుక్కతో పాటు దాని పుస్తకాన్నీ ఇంటికి పంపండి: రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2022 జులైలో బారాముల్లాలో ఆక్సెల్, అదే ఏడాది అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో జూమ్, 2023 సెప్టెంబరులో రాజౌరీలో కెంట్, 2024 అక్టోబరులో అఖ్నూర్‌లో ఫాంటమ్. ఉగ్రవాదుల తూటాలకు బలైన ఈ నాలుగు ఆర్మీ కుక్కల పేర్లూ దేశమంతా విన్నది. వాటికి సైనిక లాంఛనాలతో వీడ్కోలు పలికారు, అది సబబే. ఈ లేఖ మాత్రం ప్రాణాలతో సర్వీసు ముగించుకుని, నెరిసిన మూతితో, అరిగిన తుంటితో ఎవరో ఒకరి ఇంటి గుమ్మం ఎక్కే కుక్కల గురించి.

సర్వీసుకు పనికిరాని కుక్కలకు మరణ ఇంజెక్షన్ ఇస్తున్నారన్న సంగతి 2015లో సమాచార హక్కు దరఖాస్తుతో బయటికొచ్చి దుమారం రేగింది. ఆ తర్వాత పద్ధతి మారింది. మీరట్‌లో, సైన్యంలో జంతువుల బాగోగులు చూసే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ కేంద్రంలో వయసుమళ్లిన కుక్కలకు ఆశ్రయం ఉంది, ఇళ్లకు దత్తతా ఇస్తున్నారు. అమెరికాలో కూడా సైనిక కుక్కలను మామూలు ఇళ్లకు ఇచ్చే వీలు 2000లో చట్టం చేశాకే కలిగింది. కాబట్టి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దాటాక ఏం జరుగుతుందన్నదే మా దిగులు.

మేం అడిగేది ఒక్కటే. కుక్కను అప్పగించే రోజున దానితో పాటు ఒక పుస్తకం ఇవ్వడం తప్పనిసరి చేయండి. దత్తత పత్రం, టీకాల కార్డు రెండూ కలిపినా ఆ పుస్తకం కాదు. ఎక్కడి నుంచి ఇచ్చినా ఒకే నమూనాలో, పెంచబోయేవాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. అందులో ఏముండాలో, ఎందుకుండాలో కింద రాస్తున్నాం. కారణం తెలియకపోతే అది మరో ఫారం నింపే పనిగా మిగిలిపోతుంది.

మొదటి పేజీలో ఆ కుక్క చేసిన ఉద్యోగం రాయాలి: పేలుడు పదార్థాలు పసిగట్టేదా, జాడ పట్టేదా, మంచు చరియల కింద మనుషులను వెతికేదా, కాపలాదా, దాడికి వాడినదా. లాబ్రడార్ అనగానే పిల్లలున్న ఇంటికి మంచిదని, మాలినోయి అనగానే వద్దని అనేస్తారు. జాతి కంటే పని ఎక్కువ చెబుతుంది. పరుగెత్తే మనిషి చెయ్యి పట్టుకోవడమే పనిగా ఏళ్లు గడిపిన కుక్కకు, బంతి చేతిలో పట్టుకుని కేకలేస్తూ పరుగెత్తే ఎనిమిదేళ్ల పిల్లాడు ఎలా కనిపిస్తాడో చెప్పనక్కర్లేదు. దాడి కుక్కలను మొదట వాటి హ్యాండ్లర్లకు, అంటే సర్వీసులో వాటిని చూసుకుంటూ పని చేయించిన సైనికులకు, వాళ్లు తీసుకోలేకపోతే అలాంటి కుక్కలతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు మాత్రమే ఇవ్వాలని మా గట్టి అభిప్రాయం.

తర్వాతి పేజీలు ఆజ్ఞలవి. మా దృష్టిలో పుస్తకం మొత్తానికీ ఇవే ప్రాణం. నోటితో చెప్పే మాట ఏమిటి, చేతి సైగ ఏమిటి, చెప్పాక కుక్క ఏం చేయాలి, చేసినందుకు ఏం ఇచ్చేవారు: బంతా, రబ్బరు బొమ్మా, తిండా, మెచ్చుకోలా? ఈ నాలుగూ ప్రతి ఆజ్ఞకూ విడివిడిగా రాయాలి. మాట ఎలా పలికేవారో వినడానికి హ్యాండ్లర్ గొంతుతో రెండు నిమిషాల వీడియో చాలు. వీటిలో నోట్లోది వదిలేయమనే మాట అన్నిటికంటే ముఖ్యం. ఆ మాట తెలియని యజమాని కుక్క నోట్లోని బంతిని పట్టి లాగుతాడు. లాగే కొద్దీ బిగించమనే దానికి నేర్పారు, అది ఇంకా బిగిస్తుంది. యజమాని చెయ్యి దగ్గరికి జరుపుతాడు, పన్ను చేతికి దిగుతుంది. ఆ సాయంత్రమే కుక్కను వెనక్కి పంపించే మాట మొదలవుతుంది. తప్పు కుక్కదీ కాదు, ఆయనదీ కాదు. ఒక్క మాట ఆ ఇంటికి చేరలేదు, అంతే.

పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్క వాసన దొరకగానే మొరగదు, గోకదు. గోకితే మందుపాతర పేలుతుంది కాబట్టి కదలకుండా కూర్చుని అటే చూడమని నేర్పుతారు. దీపావళికి వారం ముందు ఇంట్లో అట్టపెట్టె నిండా టపాకాయలు తెచ్చి బీరువా పక్కన పెడతారు. కుక్క వచ్చి దాని ముందు కూర్చుంటుంది. చెవులు నిక్కబొడుచుకుని, మూతి పెట్టె వైపు, చూపు ఒకసారి పెట్టె మీద, ఒకసారి మీ మొహం మీద. లేవమంటే లేవదు. పట్టీ పట్టుకుని ఈడిస్తే తిరిగొచ్చి అక్కడే కూర్చుంటుంది. అది తన పని చేసింది, జీతం అడుగుతోంది. అప్పుడు అదిలించకూడదు, బంతీ ఇవ్వకూడదు. పేరుపెట్టి మామూలు గొంతుతో పిలిచి, వేరే గదిలో చిన్న పని ఒకటి చేయించి, దానికి మెచ్చుకోవాలి. పెట్టెను ఇంట్లోంచి తీసేయాలి. ఇక టపాకాయల చప్పుడు వేరే సమస్య. పేలుళ్ల మధ్య పనిచేసిన కుక్కల్లో కొన్ని చప్పుడుకు వణుకుతాయి, కొన్ని మంచం కింద దూరి గంటల తరబడి రావు, కొన్ని ఉన్నట్టుండి మనిషికి ఎదురు తిరుగుతాయి. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేసి వచ్చిన కుక్కల్లో అమెరికా సైనిక పశువైద్యులు దీన్ని ఒక జబ్బుగానే గుర్తించారు. ఆ కుక్క ఏ చప్పుడుకు, ఏ దుస్తులకు, ఏ వాహనానికి ఎలా స్పందించేదో హ్యాండ్లర్‌కు తెలుసు. అది పుస్తకంలోకి రావాలి.

ముక్కుతో బతికిన జీవికి పని పూర్తిగా మాన్పిస్తే సోఫా చింపడం, తోక కొరుక్కోవడం మొదలుపెడుతుంది. రోజూ పెట్టే తిండిలోంచే గుప్పెడు తీసి నాలుగైదు ఖాళీ అట్టపెట్టెల్లో దాచి వెతకమంటే, పది నిమిషాలకే బాగా అలసిపోతుంది. అరిగిన కీళ్ల మీద భారం కూడా ఉండదు.

కీళ్ల మాటెత్తాం కాబట్టి నడుము గురించి చెప్పాలి. జర్మన్ షెపర్డ్, మాలినోయి, లాబ్రడార్ లాంటి పెద్ద పని కుక్కల్లో నడుము చివర, తోక మొదలయ్యే చోట నరాలు నొక్కుకుపోవడం తరచుగా చూస్తాం. బండి ఎక్కమంటే ముందుకాళ్లు పెట్టి ఆగుతుంది. తోక కిందికి వాలిపోతుంది. వెనక కాళ్లు ఈడ్చి నడవడంతో ఆ గోళ్లు పైవైపు అరుగుతాయి. ముదిరితే మూత్రం, మలం మీద పట్టు పోతుంది. ఇంట్లోవాళ్లు దీన్ని వయసు అనుకుంటారు, మూత్రం పోస్తే పొగరు అనుకుని కొడతారు కూడా. రిటైర్ చేసేటప్పుడు తీసిన నడుము, తుంటి ఎక్స్‌రేలు, ఒక రక్తపరీక్ష పుస్తకానికి జతచేస్తే ఊళ్లో పశువైద్యుడు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో చూడకుండా నొప్పి మందు రాయలేం. మెలాక్సికామ్ అయితే మొదటి రోజు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, మర్నాటి నుంచి 0.1. దాంతో పాటు స్టెరాయిడ్ గానీ మరో నొప్పి మందు గానీ కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం ఉంది. మనుషులకు వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు కుక్కకు వేయవద్దని ఎర్ర అక్షరాల్లో అచ్చు వేయించండి. ఇంట్లో బీరువా తీస్తే ముందు చేతికి వచ్చేవి అవే.

తిండి లెక్క తప్పేది మొదటి రెండు నెలల్లోనే. 30 కిలోల కుక్క కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 900 కిలోకేలరీలు కావాలి. పనిలో ఉన్నప్పుడు దానికి రెట్టింపు, ఇంకా పైన తింటుంది. ఇంటికొచ్చిన ముసలి కుక్కకు 1,100 నుంచి 1,250 సరిపోతాయి. 100 గ్రాములకు 360 కిలోకేలరీలుండే పొడి ఆహారమైతే అది 300 నుంచి 350 గ్రాములు. పాత కొలతే కొనసాగిస్తే కుక్క ఒళ్లు చేసి, ఆ బరువంతా అదే నడుము మీద పడుతుంది. ప్రేమగా పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలక తొడ కండ కరిగిపోతుంది. అందుకే చివరి నెలలో ఏం తిన్నది, ఎన్ని గ్రాములు, ఎన్ని పూటలు, బరువెంత అన్నది రాసివ్వాలి. కొత్త తిండికి మారడానికి వారం నుంచి పది రోజులు పట్టాలి: పాతదానిలో పావు వంతు కొత్తది కలుపుతూ మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. వాంతికి వచ్చినట్టు పదే పదే ఓకరిస్తుంది, ఏమీ పడదు, పొట్ట డోలులా బిగుసుకుంటుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే బతకదు. తెల్లవారాక చూద్దాంలే అనుకోవడానికి వీల్లేని జబ్బు ఇది. కడుపును పక్క గోడకు కుట్టే ఆపరేషన్ ముందే చేసి ఉంటే ఆ సంగతి, తేదీ రాయాలి. కుట్టినా కడుపు ఉబ్బవచ్చు, మెలిపడే అవకాశమే తగ్గుతుంది.

టీకాలు, నట్టల మందు, 15 అంకెల మైక్రోచిప్ నంబరు ఎలాగూ రాస్తారు. పిడుదుల జ్వరం వచ్చి తగ్గిందా అన్నది కూడా చేర్చండి. ఆ జ్వరం తెచ్చే ఎర్లికియా అనే క్రిమికి డాక్సీసైక్లిన్ మందు 28 రోజులు వాడాలి. నాలుగో రోజుకే జ్వరం తగ్గిందని ఆపేసిన కుక్కలో అది ఒంట్లోనే దాగి, నెలల తర్వాత ముక్కు నుంచి రక్తం కారేదాకా బయటపడదు.

అప్పగించే కాలం గురించి మరో మాట, దీనికి పైసా ఖర్చు లేదు. కశ్మీర్‌లో పనిచేసిన కుక్కను ఏప్రిల్‌లో తెలుగు నేలకు పంపడమంటే వడదెబ్బకు అప్పగించడమే. దీపావళి దాటాక, నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి లోపు ఇస్తే ఎండకు నెమ్మదిగా అలవాటు పడుతుంది, టపాకాయల పండుగ వచ్చేసరికి ఇల్లు తనదవుతుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. వగరుస్తూ తూలుతూ 105 దాటితే ఆసుపత్రికి బయల్దేరే ముందే ఒళ్లంతా చన్నీళ్లతో తడిపి ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. 103.5కు దిగాక ఆపాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది.

ఇల్లు అనేది దానికి కొత్త ప్రపంచం. కెన్నెల్‌లో పెరిగిన కుక్క నున్నటి టైల్స్ మీద జారుతుంది, నడుము నొప్పి ఉంటే ఒకసారి జారిన గదిలోకి మళ్లీ రాదు. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా రబ్బరు చాపలు పరిస్తే ఆ భయం పోతుంది. కుక్కర్ విజిల్, మిక్సీ, తిరిగే ఫ్యాను అన్నీ దానికి వింతలే. ఒంటరిగా తినడం అలవాటు కాబట్టి తినేటప్పుడు దగ్గరికి పోకూడదు. నిద్రలో ఉంటే తాకకుండా దూరం నుంచి పిలిచి లేపాలి. మూత్రం సంగతి కుక్కపిల్లకు నేర్పినట్టే మొదటి నుంచి నేర్పాలి: మూడు, నాలుగు గంటలకోసారి అదే చోటికి తీసుకెళ్లాలి. ఇవి తెలియకే చాలా ఇళ్లు మొదటి నెలలోనే చేతులెత్తేస్తాయి.

ఎంత రాసినా కాగితం హ్యాండ్లర్ కాదు. అందుకే పుస్తకంతో పాటు ఒక వారం రోజులు హ్యాండ్లర్, కొత్త యజమాని కలిసి కుక్కను చూసుకునే ఏర్పాటు చేయండి. మొదటి రెండు రోజులు హ్యాండ్లర్ చేస్తుంటే యజమాని చూడాలి, తర్వాత యజమాని చేస్తుంటే హ్యాండ్లర్ చూడాలి, చివరి రోజు హ్యాండ్లర్ కనిపించకుండా ఉండాలి. అంత దూరం ప్రయాణించలేని కుటుంబాలకు వీడియో కాల్ ఉంది. హ్యాండ్లర్ బదిలీ అయినా పనిచేసే ఒక ఫోన్ నంబరు, వ్యక్తిది కాకుండా యూనిట్‌ది, అట్ట మీదే ఉండాలి. దగ్గరలో సైనిక పశువైద్యశాల ఉంటే అక్కడ ఈ కుక్కలకు జీవితాంతం ఉచితంగా చికిత్స చేయాలి. లేని చోట జిల్లా పశువైద్యశాలకు ముందుగానే ఒక ఉత్తరం వెళ్లాలి.

చివరి పేజీ గురించి ఎవరూ మాట్లాడరు, 2015 తర్వాత మరీనూ. నయం కాని నొప్పితో ఉన్న కుక్కకు మరణ ఇంజెక్షన్ ఇవ్వవలసి వస్తే ఎవరిని సంప్రదించాలి, ఎవరికి తెలియజేయాలి, సర్వీసు కుక్క కాబట్టి యూనిట్‌కు కబురు ఎలా పంపాలి అన్నవి అందులో ఉండాలి. ఈ నిర్ణయం యజమాని ఒక్కడి నెత్తిన పడేస్తే భయపడి కుక్కను నెలల తరబడి నొప్పితో ఉంచుతారు. లేచి నిలబడుతోందా, తింటోందా, తన చోటికి వెళ్లి మూత్రం పోస్తోందా, పేరు పిలిస్తే చూస్తోందా అని రోజూ గుర్తు పెట్టుకునే చిన్న పట్టిక అక్కడే అచ్చు వేస్తే పశువైద్యుడికీ చేతికి ఆధారం దొరుకుతుంది.

నమూనా హిందీ, ఇంగ్లిషులకే పరిమితం కాకూడదు. తెలుగు ప్రతి చిత్తును సరిచూడటానికి, మందుల మోతాదులు, ఆజ్ఞల పట్టికలు పరిశీలించడానికి మేం ఏ ప్రతిఫలమూ లేకుండా సిద్ధంగా ఉన్నాం. మీ కార్యాలయం నుంచి ఒక్క ఉత్తరం ముక్క వస్తే వచ్చే నవంబరు అప్పగింతలకు అందేలా పని మొదలుపెడతాం.

ఇట్లు,
పశువైద్యం, కుక్కల శిక్షణ వృత్తిగా ఉన్న కొందరు తెలుగువాళ్లం