పర్లాకిమిడి నుంచి కృతజ్ఞతలు: ఒకే కంప్యూటర్‌పై రెండు పనులూ సాగుతున్నాయి

రాయగడలో పుట్టి పెరిగి, ఇప్పుడు విశాఖపట్నంలో సర్వర్ల నిర్వహణ ఉద్యోగం చేస్తున్న ఒక సోదరికి ముందుగా నా నమస్కారాలు. తన పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఆమె చేసిన సాయం మాత్రం నలుగురికీ తెలియాలి. ఒక పెద్ద పని కంప్యూటర్‌నంతా ఆక్రమించి దుకాణం పనిని ఆపేస్తుండడం మా ఇబ్బంది. ఇదే ఇబ్బంది పడుతున్నవారు ఇంకెందరో ఉంటారు.

పర్లాకిమిడిలో మాది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో అటకల మీద పాత అచ్చు పుస్తకాలు, పత్రికలు ఇంకా ఉన్నాయి. పిల్లలు ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదువుకుంటున్నారు. ఆ కాగితాలు చెదల పాలు కాకముందే స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదివించి, వెతుక్కోవడానికి వీలైన అక్షరాలుగా మార్చి పెట్టాలన్నది నా కోరిక. మా తమ్ముడి కొడుకు దానికోసం ఒక చిన్న స్క్రిప్టు రాసి ఇచ్చాడు. ఫోల్డరులో ఉన్న పుటలను ఒకదాని తరువాత ఒకటి తీసుకుని అది చదివిస్తూ పోతుంది.

అది మొదలైందంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం దానికే సరిపోయేవి. ఎదురుగా కూర్చుని ఉపకార వేతనం దరఖాస్తు నింపించుకుంటున్న విద్యార్థి పేరు టైపు చేస్తే, అక్షరాలు ఎప్పటికో తెర మీదికి వచ్చేవి. గడువు చివరి రోజున అలా జరిగితే ఆ పిల్లల ముఖాలు చూడలేము. మే నెల ఎండలకు కంప్యూటర్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది కూడా. రాత్రిపూట నడుపుదామంటే, మనిషి లేని దుకాణంలో అలా కాగుతున్న యంత్రాన్ని వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పలేదు.

మా కంప్యూటర్ నడిచే లైనక్స్‌లో ఒక పనికి ప్రాధాన్యం తగ్గించే ‘నైస్’ అనే ఆజ్ఞ ఉంది. చాలామంది అది వాడమన్నారు, వాడాము. టైపింగు బాగుపడింది, వేడి మాత్రం తగ్గలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ సోదరి మొదట ఏ సలహా ఇవ్వలేదు. ఏ పని ఎంత ప్రాసెసర్ వాడుకుంటోందో చూపే ‘టాప్’ ఆజ్ఞ ఇచ్చినప్పుడు తెర మీద కనిపించేదాన్ని ఫొటో తీసి పంపమన్నారు. అది చూశాక, “అన్నయ్యా, మీకు కావలసింది ప్రాధాన్యం తగ్గించడమా, పరిమితి పెట్టడమా?” అని అడిగారు. చిక్కుముడి అక్కడే విడిపోయింది.

నైస్ విలువ 19 (అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం) పెట్టిన పని, రేషను వరుసలో వెనుక వచ్చినవారినందరినీ “మీరు ముందు వెళ్ళండి” అని పంపే మనిషి లాంటిదట. వరుసలో ఇంకెవరూ లేకపోతే సరుకంతా ఆయనదే. లెక్కలో చెప్పాలంటే, మామూలు పనికి లైనక్స్ 1024 బరువు ఇస్తే నైస్ 19 ఉన్న పనికి 15 మాత్రమే ఇస్తుంది. పోటీ ఉన్నప్పుడే ఆ బరువులకు అర్థం. దుకాణం ఖాళీగా ఉన్న వేళ స్క్రిప్టుకు పోటీ ఎవరు? అందుకే ప్రాసెసర్ పూర్తి వేగంతో తిరుగుతూ కాగిపోయేది.

మాకు కావలసింది పరిమితి. సిస్టమ్‌డీ-రన్ ఆజ్ఞతో స్క్రిప్టును నడిపిస్తూ, సీపీయూకోటా విలువ 100 శాతం పెట్టమన్నారు. ఇక్కడ 100 శాతం అంటే ఒక కోరు మొత్తం అని అర్థం. నాలుగు కోర్ల యంత్రంలో మొత్తం శక్తి 400 శాతం. ప్రతి 100 మిల్లీసెకన్లకు స్క్రిప్టు ఖాతాలో 100 మిల్లీసెకన్ల ప్రాసెసర్ సమయం పడుతుంది. అది ఖర్చయిపోతే తరువాతి వంతు వచ్చేదాకా లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ దాన్ని ఆపి ఉంచుతుంది.

ఆమె అక్కడితో ఆగలేదు. టెసరాక్ట్ ఒక్క పుటకే నాలుగు దారాలు (ఒకేసారి సాగే పని పాయలు, థ్రెడ్లు) నడుపుతుందని, ఆ నాలుగూ కలిసి కోటా అంతా 25 మిల్లీసెకన్లలోనే తినేసి, మిగిలిన 75 ఊరికే కూర్చుంటాయని గుర్తించారు. పైగా ఒకదానికోసం ఒకటి ఎదురుచూసే సమయం కూడా కోటాలోంచే పోతుంది. దారాల సంఖ్యకు హద్దు పెట్టే ఓఎంపీ_థ్రెడ్_లిమిట్ విలువను 1 చేయించారు. దాంతో అంతే కోటాలో అంతకు ముందుకంటే ఎక్కువ పుటలు పూర్తవుతున్నాయి. ఇది నేను అడగని సాయం.

సిరా మరకలున్న కొన్ని పుటల దగ్గర టెసరాక్ట్ ఎంతకీ కదిలేది కాదు. గడువు దాటిన పనిని ఆపేసే ‘టైమ్‌అవుట్’ ఆజ్ఞ పెడదామనుకున్నాము. ఆమె వద్దన్నారు. అది గోడ గడియారాన్ని చూస్తుంది. కోటా వల్ల పని నెమ్మదించినప్పుడు బాగున్న పుటలను కూడా మధ్యలోనే చంపేస్తుంది. ‘యూలిమిట్ -టి’ అలా కాదు, ఆ పని నిజంగా వాడుకున్న ప్రాసెసర్ సెకన్లనే లెక్కపెడుతుంది, ఆగి ఉన్న సమయం అందులోకి రాదు. దాన్ని ప్రతి పుటకూ విడిగా వర్తించేలా బ్రాకెట్ల మధ్య పెట్టించారు. ఇప్పుడు మొండికేసిన పుట ఒక్కటే ఆగుతుంది, మిగిలినవి సాగిపోతాయి. ఈ రెండు గడియారాల తేడా తెలిసినవారికి చిన్న విషయమే కావచ్చు. మాకు ఎన్నో పుటలు దక్కాయి.

ఈ పరిమితుల వెనుక ఉన్న, పనులను గుంపులుగా కట్టి హద్దులు పెట్టే సీగ్రూప్స్ అనే ఏర్పాటు పనిని 2006లో గూగుల్ ఇంజినీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టారు. 2008లో అది లైనక్స్ 2.6.24 వెర్షన్‌లో చేరింది. కోటా పెట్టే సదుపాయం 2012లో 3.2 వెర్షన్‌తో వచ్చింది. పెద్ద పెద్ద సర్వర్ల కోసం పుట్టిన ఏర్పాటు మా దుకాణంలోని పాత పెట్టెలో కూడా పైసా ఖర్చు లేకుండా పనిచేస్తోంది. వారికీ నా కృతజ్ఞతలు.

స్కానరు ఇచ్చి, ఇంతవరకు తిరిగి అడగని పాతపట్నం మిత్రుడికి, వచ్చిన అక్షరాలను పుట పక్కన పెట్టుకుని వత్తులు, గుడిదీర్ఘాలు సరిచూస్తున్న మా దుకాణం అమ్మాయికి, యంత్రం మొరాయించిన రోజుల్లో విసుక్కోకుండా బెంచీ మీద కూర్చుని ఎదురుచూసిన విద్యార్థులకు ఎంతో రుణపడి ఉన్నాను.

గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఎవరికైనా ఈ స్క్రిప్టు కావాలంటే దుకాణానికి రండి. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను, సెట్టింగులన్నీ దగ్గర కూర్చుని చూపిస్తాను. ఇంట్లో పాత తెలుగు పుస్తకాలు ఉంటే వెంట తీసుకురండి. కుట్టు విప్పకుండా స్కాన్ చేసి, మీ పుస్తకం మీ చేతికి ఇస్తాము.