జైసల్మేర్ వెళ్తున్నావుగా, ముందు ఇది చదువు

అమలాపురం

ఒరేయ్ రాంబాబూ,

పిల్లల్ని తీసుకుని రాజస్థాన్‌లో జైసల్మేర్ వెళ్తున్నామని ఫోన్లో నువ్వు చెప్పగానే గబగబా నాలుగు ముక్కలు చెప్పేశాను కానీ, పెట్టేశాక తృప్తిగా అనిపించలేదురా. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఆ ఏప్రిల్ టిక్కెట్లు మార్చు. సెలవులు కలిసొస్తాయని చూసుకుంటే ఎండకి పగలంతా గదిలోనే ఉండాలి, అక్కడ చూడాల్సినవన్నీ ఆరుబయటే ఉన్నాయి మరి. మాఘమాసంలో వెళ్ళు. అంతర్వేదిలో ఏకాదశి నాడు రథం చూసుకుని బయల్దేరితే పౌర్ణమికి అక్కడుంటారు. అప్పుడు మూడు రోజులు ఎడారి ఉత్సవం చేస్తారు, ఒంటెల పందేలు, తలపాగా చుట్టే పోటీలు, వెన్నెల్లో ఇసుక మీద పాటలు, పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు. నక్షత్రాలు చూడాలంటే మాత్రం అమావాస్య దగ్గర్లో వెళ్ళాలి. మేం డిసెంబర్లో అలాగే వెళ్ళాం.

ఇసుక దిబ్బలంటే అందరూ సమ్ అనే చోటికే తీసుకెళ్తారు, ఊరికి 40 కిలోమీటర్లు. మేమూ మొదటి రాత్రి అక్కడే ఒక క్యాంపులో దిగాం. ప్రశాంతంగా ఉంటుందని ఫోన్లో చెప్పినవాళ్ళే అర్ధరాత్రి దాకా మైకులు పెట్టి హోరెత్తించారు, దానికి తోడు దిబ్బల మీద జీపుల రొద. డబ్బులు పోయినా సరేనని రెండోరోజు ఖూరీ వెళ్ళిపోయాం. అదొక పల్లెటూరు, దిబ్బలు ఊరి పక్కనే. అక్కడ రాత్రి నులకమంచం మీద పడుకుని పైకి చూస్తే, చిన్నప్పుడు గోదావరి మధ్య మీ లంకలో పొలం మకాం దగ్గర పడుకున్నాం చూడు, అన్ని నక్షత్రాలు మళ్ళీ అక్కడే చూశాను.

ఒంటె ఎక్కినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో, అది లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేపుతుంది, మనిషి ముందుకి తూలిపోతాడు, కాబట్టి వెనక్కి వాలి గట్టిగా పట్టుకోండి. సవారీ ఒక గంట చాలు. తర్వాత దిగిపోయి చెప్పులు చేత్తో పట్టుకుని నడవండి. వేసవిలో గోదావరి తగ్గాక లంక ఇసుక మీద గాలి గీతలు గీస్తుంది కదా, అచ్చం అవే గీతలు, కనుచూపు మేరా.

కోట గురించి అందరూ చెప్తారు, నేను పెద్దగా చెప్పను. 1156లో కట్టడం మొదలుపెట్టారు, ఇప్పటికీ లోపల జనం కాపురాలుంటున్నారు. చూడు, తిరుగు, కానీ లోపల హోటల్లో మాత్రం దిగొద్దు. వాడకం నీళ్ళు కిందకి ఇంకి కోట ఉన్న ఆ కొండ పునాదే దెబ్బతింటోంది. సాయంత్రం ఎండ పడినప్పుడు పసుపు రాయి బంగారంలా మెరుస్తుంది, అది బయట నుంచి చూస్తేనే అందం.

తెల్లారగట్ల గడీసర్ చెరువుకి వెళ్ళు. 14వ శతాబ్దం నాటిది, వాన నీళ్ళు పట్టి ఆ ఊరు కొన్ని వందల ఏళ్ళు దాన్నే తాగింది. చెరువుకి మనం గుడికి కట్టినట్టు ద్వారం, మండపాలు కట్టారురా! నేను చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఇక కుల్ధరా. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసి వెళ్ళిన ఊరు, 18 కిలోమీటర్లు. గైడు దెయ్యాల కథలు మొదలుపెడితే ఆపి, ఖడీన్ ఎక్కడుందో చూపించమను. వాలు భూమి కింద అడ్డంగా పెద్ద మట్టికట్ట వేస్తారు, ఎక్కడో రాతినేల మీద పడిన వాన అంతా జారొచ్చి అక్కడ నిలుస్తుంది, అది ఇంకాక ఆ తేమ మీదే శీతాకాలంలో గోధుమ, శనగ పండిస్తారు. ఇంకో తడి ఉండదు! మాది కాలువ శివారు పొలం కదా, దాళ్వాకి, అదే రెండో పంట వరికి, వంతులవారీ నీటి కోసం లాకుల చుట్టూ నాన్న ఎన్ని రాత్రులు తిరిగాడో నీకు తెలుసు. నాన్నని తీసుకెళ్ళి ఆ కట్ట మీద నిలబెట్టాలని ఎంత అనిపించిందో.

అక్కడి ఖేజ్రీ చెట్టు మరేదో కాదు, మన దసరా జమ్మిచెట్టే. దాని కాయలతోనే సాంగ్రీ కూర వండుతారు, సజ్జరొట్టెతో తిను.

టైముంటే ఆకల్ వెళ్ళండి, ఊరికి 17 కిలోమీటర్లే. దాదాపు 18 కోట్ల ఏళ్ళ నాటి చెట్లు రాయిగా మారి పడున్నాయి, పెద్దాడికి బాగా నచ్చుతుంది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఎడారి అభయారణ్యంలో ఒక పొద్దంతా తిరిగాం, కనబడలేదు. నీకు కనబడితే వెంటనే ఫోన్ చెయ్యి.

రాత్రి చలి మనం తట్టుకునేది కాదు. రథం రోజున ఎలాగూ మా ఇంటికొస్తావు కదా, మేం కొన్న రెండు దళసరి రగ్గులు తీసి పెడతాను, పట్టుకెళ్ళు.

నీ
సుబ్బు