అంతరిక్ష కోర్సుల్లో పరీక్ష గదికి చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

ప్రవేశాల కాలం మొదలైతే చాలు, స్పేస్ ఇంజినీరింగ్, స్పేస్ టెక్నాలజీ అంటూ ప్రకటనలు మొదలవుతాయి. పైన రాకెట్ బొమ్మ, కింద కక్ష్యా గతిశాస్త్రం, ప్రొపల్షన్, ఉపగ్రహ కమ్యూనికేషన్ అని సబ్జెక్టుల పట్టిక. విద్యార్థి తన చేత్తో ఏం బిగిస్తాడో, బిగించినదాన్ని ఎన్ని గంటలు పరీక్షిస్తాడో మాత్రం ఎక్కడా రాయరు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి సమీకరణాలు బాగానే వస్తాయి. స్క్రూను ఎంత టార్క్‌తో (తిప్పే బలంతో) తిప్పాలి, తిప్పాక ఆ అంకెను ఎక్కడ నమోదు చేయాలి అనేచోట తడబడతారు. మొత్తం క్రెడిట్లలో కనీసం నాలుగో వంతు కూర్పుకు, పరీక్షలకు, కక్ష్యలో ఉపగ్రహాన్ని నడపడానికి కేటాయించాలని కోరుతూ ఈ లేఖ.

విద్యార్థుల ఉపగ్రహాలకు ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న కొలత 1999లో పుట్టింది. కాలిఫోర్నియా పాలిటెక్నిక్ ఆచార్యుడు జోర్డి పుయిగ్-సువారీ, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు బాబ్ ట్విగ్స్ కలిసి 10 సెంటీమీటర్ల ఘనాన్ని ప్రమాణంగా పెట్టారు. అదే క్యూబ్‌శాట్. తొలి బృందం 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి వెళ్లింది. రాకెట్ తన పని తాను సరిగ్గానే చేసింది. అయినా డెన్మార్క్ విద్యార్థుల డీటీయూశాట్ నుంచి, కెనడా వారి క్యాన్‌ఎక్స్-1 నుంచి ఒక్క సంకేతమూ అందలేదు. ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం ఉపగ్రహం నుంచి సన్నని సంకేతం వచ్చినా బ్యాటరీ సహకరించక ఎంతోకాలం నిలవలేదు. అదే రాకెట్ మీద వెళ్లిన టోక్యో విశ్వవిద్యాలయం వారి ఎక్స్‌ఐ-4 మాత్రం ఏళ్ల తరబడి పనిచేసింది. ఇలాంటి వైఫల్యాలను వరసగా లెక్కగట్టిన అమెరికా ఆచార్యుడు మైకేల్ స్వార్టవుట్ ఎక్కువగా తప్పుపట్టింది ఒక్కదాన్నే: అన్ని భాగాలనూ కలిపి, కక్ష్యలో ఎలా నడుస్తుందో అలాగే నేలమీద నడిపి చూడకపోవడం.

అది తరగతిలో ఎలా కనిపిస్తుందో కరెంటు లెక్కతో మొదలుపెడదాం. భూమి దగ్గర ఎండ చదరపు మీటరుకు 1,361 వాట్లు. 10 సెంటీమీటర్ల ముఖం మీద రెండు సోలార్ సెల్స్ అతికిస్తే కప్పే చోటు సుమారు 60 చదరపు సెంటీమీటర్లు, సెల్ సామర్థ్యం 29 శాతం. ఎండకు నేరుగా తిరిగినప్పుడు వచ్చేది 2.4 వాట్లు. ఆరు ముఖాలకూ సెల్స్ ఉండి ఉపగ్రహం దొర్లుతుంటే ఎండలో సగటున 3.5 వాట్లు. 500 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టు 95 నిమిషాలు, అందులో దాదాపు 35 నిమిషాలు భూమి నీడ. కన్వర్టర్లలో 15 శాతం పోతే చుట్టు మొత్తానికి సగటు రెండు వాట్ల లోపే. ఇక ఖర్చు వైపు చూస్తే, ఒక వాటు రేడియో శక్తి పంపే ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ నుంచి మూడు వాట్ల పైనే లాగుతుంది. రిసీవర్‌ను ఎప్పుడూ ఆపకూడదు. సున్నా డిగ్రీల కింద లిథియం అయాన్ బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల లోహపు పూత కట్టి పాడవుతుంది కాబట్టి హీటరూ కావాలి. విద్యార్థుల పట్టికల్లో కెమెరా కచ్చితంగా ఉంటుంది, రాత్రంతా మేలుకుని ఉండే రిసీవర్, హీటర్ మాత్రం జారిపోతాయి. ఈ పట్టిక ప్రాజెక్టు రిపోర్టులో చివరి అనుబంధంగా కాక, మొదటి వారమే గోడ మీద ఉండాలి. కొత్త భాగం చేర్చినప్పుడల్లా తిరగరాయాలి.

అంతకంటే చిన్న వస్తువు యాంటెన్నా తాడు. టేపు లాంటి యాంటెన్నాను మడిచి, సన్నని నైలాన్ తాడుతో కట్టి, తాడును ఒక రెసిస్టర్‌కు ఆనిస్తారు. కరెంటు పంపగానే రెసిస్టర్ వేడెక్కి తాడు తెగుతుంది. బల్ల మీద అయిదుసార్లు చేస్తే అయిదుసార్లూ తెగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కక్ష్యలో చల్లబడిన బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, లోడు పడగానే 8.2 వోల్టులు కాస్తా 6.6కు దిగవచ్చు. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 35 శాతం తగ్గిపోతుంది, తాడు మెత్తబడి ఊరుకుంటుంది.

ఇంతటితో అయిపోలేదు. క్యూబ్‌శాట్ నిబంధన ప్రకారం రాకెట్ నుంచి విడిపోయాక కనీసం 30 నిమిషాలు ఆగాకే యాంటెన్నా విప్పాలి. ఆ గడువు లెక్కించే టైమర్ కంప్యూటర్‌లో ఉంటుంది. తాడు కాల్చడానికి కరెంటు పంపగానే వోల్టేజీ పడి కంప్యూటర్ రీసెట్ అయితే, అది లేచి మళ్లీ సున్నా నుంచి 30 నిమిషాలు లెక్కపెడుతుంది. మళ్లీ కాలుస్తుంది, మళ్లీ పడుకుంటుంది. భూమి మీద వాళ్లకు వినిపించేది నిశ్శబ్దమే. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ప్రయత్నాల సంఖ్యను కాల్చడానికి ముందే చెరగని మెమరీలో రాయాలి, రెండు రెసిస్టర్లను రెండు వేర్వేరు సర్క్యూట్లపై పెట్టాలి, పరీక్షను సగం ఖాళీ అయిన బ్యాటరీతో, గాలి తీసేసి వేడీ చలీ మార్చే థర్మల్ వాక్యూమ్ ఛాంబర్‌లో, చలిలో చేయాలి. ఈ ఒక్క తాడు చుట్టూ ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్, ఉష్ణ నియంత్రణ మూడూ కలుస్తాయి. మూడు పేపర్లుగా విడివిడిగా చదివినవారికి ఈ కలయిక ఎన్నడూ ఎదురుపడదు.

వైబ్రేషన్ పరీక్షదీ అదే కథ. నాసా మార్గదర్శకాల్లో చిన్న భాగాల అర్హతా స్థాయి 14.1 జీ ఆర్ఎంఎస్ (భూమి ఆకర్షణ త్వరణంతో పోల్చి చెప్పే ఊపు తీవ్రత), ఒక్కో అక్షం మీద రెండు నిమిషాలు. షేకర్ మీద పెట్టి ఊపేసి, ‘విరగలేదు, పాసైంది’ అని రాసుకుని వచ్చేస్తారు. అసలు చూడాల్సింది దానికి ముందూ తర్వాతా నడిపే తక్కువ స్థాయి సైన్ స్వీప్, అంటే పౌనఃపున్యాన్ని మెల్లగా మారుస్తూ సన్నగా ఊపడం. సహజ పౌనఃపున్యం ముందు 180 హెర్ట్జ్ ఉండి తర్వాత 165కి దిగితే లోపల ఏదో వదులైనట్టే. పైకి ఏమీ కనపడదు. స్క్రూలకు జిగురు వేయకపోవడం, కనెక్టర్‌కు తాళం బిగించకపోవడం మామూలు కారణాలు. రెండు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి తేడాకు కారణం చెప్పమనడం మంచి పరీక్ష ప్రశ్న. పదార్థాల ఎంపికకూ ఇదే వర్తిస్తుంది. శూన్యంలో 125 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచినప్పుడు బరువు నష్టం ఒక శాతం, చల్లని తలం మీద పేరుకునే ఆవిరి 0.1 శాతం మించకూడదన్నది అలవాటైన హద్దు. మామూలు పీవీసీ తీగ ఉపగ్రహంలోకి వెళ్లకూడదన్నది ఇందుకే. ఆ ఆవిరి పోయి కెమెరా కటకం మీద కూర్చుంటుంది.

ఇక బ్యాచ్‌ల సమస్య. ఎంటెక్ రెండేళ్లు, ఉపగ్రహానికి మూడు నుంచి ఐదేళ్లు. డిజైన్ చేసినవాడు పరీక్ష నాటికి ఉండడు, పరీక్షించినవాడు ప్రయోగం నాటికి ఉండడు. ‘ఈ రెసిస్టర్ 47 ఓమ్‌లు ఎందుకు పెట్టారు?’ అంటే చెప్పే దిక్కుండదు. పాత, కొత్త బ్యాచ్‌లు ఒక సెమిస్టర్ కలిసి పనిచేయాలి. ప్రతి మార్పుకూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న చీటీ ఉండాలి, దానికి మార్కులూ ఉండాలి. అసలు మొదటి మెట్టే ఉపగ్రహం కానక్కర్లేదు. 350 మిల్లీలీటర్ల శీతల పానీయం డబ్బాలో పట్టే క్యాన్‌శాట్ అనే నమూనా ఒక సెమిస్టర్‌లో పూర్తవుతుంది. జర్మనీ, స్వీడన్ కలిసి స్వీడన్‌లోని కిరూనా దగ్గరి ఎస్రేంజ్ ప్రయోగ కేంద్రం నుంచి నడిపే రెక్సస్, బెక్సస్ కార్యక్రమాల్లో విద్యార్థుల ప్రయోగాలు కక్ష్యకు చేరకుండా పైకెళ్లి తిరిగి పడే సౌండింగ్ రాకెట్ మీద, బెలూన్ మీద వెళ్తాయి. డిజైన్ సమీక్ష నుంచి ఫలితాల నివేదిక దాకా ఒకే బృందం అన్నీ చూస్తుంది. చిన్నదైనా పూర్తయినదే విద్యార్థికి పనికొస్తుంది, సగంలో బీరువాలో పెట్టిన ఉపగ్రహం ఫొటోకు మాత్రమే.

కాగితాల పనిని చిన్నచూపు చూసే కోర్సులూ ఉన్నాయి. అమెచ్యూర్ (హాబీ రేడియో) బ్యాండ్ వాడాలంటే అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘంతో పౌనఃపున్య సమన్వయం కావాలి, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఐటీయూకు దేశం తరఫున దరఖాస్తు వెళ్లాలి. నెలలు పట్టే పని, ఉపగ్రహం సిద్ధమయ్యాక మొదలుపెడితే ప్రయోగం తప్పిపోతుంది. 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణ ప్రకారం విశ్వవిద్యాలయం పంపే డబ్బాకైనా దాని దేశమే బాధ్యత వహించాలి, పర్యవేక్షించాలి. పని ముగిశాక కక్ష్య ఖాళీ చేసే గడువును అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో 25 ఏళ్ల నుంచి ఐదేళ్లకు కుదించింది. అంటే ఎత్తు ఎంచుకునే రోజే కూలే రోజు లెక్క కూడా వేయాలి.

విదేశాల్లో చదవాలనుకునేవారికి ఒక్క మాట. అమెరికా ఆయుధ ఎగుమతి నిబంధన ఐటార్ వల్ల అక్కడి చాలా రాకెట్, ఉపగ్రహ ఉద్యోగాలకు పౌరసత్వమో శాశ్వత నివాసమో అడుగుతారు. ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రధానంగా సభ్యదేశాల పౌరులనే తీసుకుంటుంది. ఫీజు కట్టాక తెలుసుకునే సంగతి కాదిది, ప్రాస్పెక్టస్‌లోనే ఉండాలి. అలాగే పేరులో ‘స్పేస్’ లేని ఎలక్ట్రానిక్స్, మెకానికల్, సాఫ్ట్‌వేర్ డిగ్రీతోనూ ఈ రంగంలోకి రావచ్చు. చాలామంది వచ్చింది అలాగే.

సంపాదకుల వారికి ఒక విన్నపం. అంతరిక్ష కోర్సుల గురించి మీ విద్యా పేజీలో రాసేటప్పుడు ఆయా విభాగాలను ఈ ప్రశ్నలు అడగండి: గత మూడేళ్లలో విద్యార్థులు పూర్తిచేసి ఎగరేసినది ఏమిటి? థర్మల్ వాక్యూమ్ ఛాంబర్ సొంతమా, అద్దెకా, విద్యార్థికి అందులో ఎన్ని గంటలు దక్కుతాయి? గ్రౌండ్ స్టేషన్ వారంలో ఎన్ని పాస్‌లు (ఉపగ్రహం పైనుంచి వెళ్లే సందర్భాలు) నమోదు చేస్తోంది? పాడైనదాని మీద రాసిన నివేదిక ఒకటి చూపించగలరా? జవాబులను కోర్సు ఫీజు పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
చిన్న ఉపగ్రహాల కూర్పు, పరీక్షల విభాగంలో పనిచేసే పాఠకులు