ఆనందభైరవి సీసా మీద తెలుగు హెచ్చరిక ఎప్పుడండీ మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

విషద్రవ్యాలున్న ఆయుర్వేద మందుల సీసాల మీద హెచ్చరిక తెలుగులో కూడా వేయించమని గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చాం. రసీదులు వచ్చాయి, "సంబంధిత శాఖకు పంపాం" అన్నారు. ఆ శాఖ ఎక్కడుందో మీకైనా తెలిస్తే చెప్పండి.

ఈ-1 షెడ్యూలు (ఆయుర్వేదంలో వాడే విషద్రవ్యాల జాబితా)లోని వాటితో చేసిన మందుల మీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లిషు, హిందీల్లో ఉంటే చాలు కేంద్ర ఔషధ నిబంధనల్లోని 161వ నిబంధనకి. మా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేటల్లో ఆ మందులు మింగేవాళ్లు ఏ భాష చదువుతారు?

ఆనందభైరవి అనే ఆయుర్వేద మాత్రనే చూడండి. విరేచనాలకని చీటీ లేకుండానే కొనుక్కుంటారు. అందులో వత్సనాభి అనే విషపు దుంప ఉంది. మందులో వేసేముందు శుద్ధి చేయడానికి ఆ దుంపను శనగగింజంత ముక్కలు చేసి, రోజూ కొత్త గోమూత్రం పోస్తూ మూడు రోజులు ఎండలో నాననిచ్చి, కడిగి ఆరబెట్టాలి. లేదా మూటగట్టి పాలలో వేలాడదీసి ఉడికించాలి. వేడికి, నానడానికి అందులోని విషమైన అకోనిటిన్‌లోని అసిటైల్ భాగం ఊడి బెంజోయిలకోనిన్, అదీ విరిగి అకోనిన్ అవుతుంది. విషం వందల రెట్లు తగ్గేది అక్కడే. ముక్క లావుగా కోసినా, తొందరపడి దించేసినా నడిమి భాగం పచ్చిగానే మిగిలిపోతుంది. పచ్చి అకోనిటిన్ 2 మిల్లీగ్రాములు ప్రాణం తీయగలదు. ముందు పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత గుండె లయ తప్పుతుంది. విరుగుడు లేదు.

శుద్ధి సరిగ్గా జరిగినా మిగిలిన కాస్త విషాన్ని కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైమ్ విడగొట్టాలి, మూత్రపిండాలు బయటికి పంపాలి. అదే మాత్రలో మిరియాలు, పిప్పళ్లు ఉన్నాయి. వాటిలోని పైపెరిన్ ఆ ఎంజైమ్‌నే అణచగలదు. మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్‌ను రక్తంలో పెంచుతుందని కూడా తెలిసిందే. ఇక మూత్రపిండాల సంగతి ఉద్దానం వాళ్లం మీకు చెప్పాలా? మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరిగిన మనిషికీ, నిక్షేపంలా ఉన్న మనిషికీ ఒకటే మోతాదా? (పాదరసం ఉండే ఇంగిలీకం కూడా అందులోనే ఉంది. పాదరసం గురించి ఇంకో అర్జీ పెట్టుకుంటాం, రసీదు ఇప్పించండి.)

ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఈ మాత్రలే కారణమని మేం అనడం లేదు. ఆయుర్వేదాన్ని తప్పుపట్టడమూ లేదు; శుద్ధి చేయని వత్సనాభిని వాడొద్దన్నది ఆ శాస్త్రమే.

అది కేంద్రం నిబంధన అంటారేమో. మూడో భాష వేయకూడదని అందులో ఎక్కడా లేదు, తయారీ లైసెన్సు ఇచ్చేది మీ ప్రభుత్వమే. సీసా మీద తెలుగులో, కళ్లకు ఆనే అక్షరాల్లో వేయించండి. కిడ్నీ జబ్బున్నవారు వైద్యుణ్ని అడగకుండా వాడొద్దన్న మాట కూడా చేర్చండి. డయాలసిస్ కేసు షీటులో "నాటుమందు, ఆయుర్వేదం ఏం వాడుతున్నారు?" అని ఒక గడి పెట్టించండి. తెలుగులో వేయించండి మహాప్రభో, మళ్లీ అడుగుతున్నాం.

ఇట్లు,
ఉద్దానం ప్రాంత ఆయుర్వేద వైద్యులు, ఫార్మసిస్టులు